ఒకసారి లాగితే ఆపు

సైదాబాద్,
అక్టోబరు 9

అన్నకు రాహేలు వందనాలు.

నువ్వు క్షేమంగా ఉన్నావని నమ్మి రాస్తున్నాను. "ఈ కాలంల ఉత్తరాలేంది అమ్మా, పోస్టుమ్యాన్ కూడా నవ్వుతడు" అంటుంది ప్రీతి. నీ బటన్ల ఫోను మోగినా నీకు వినపడదని, దాంట్లో వచ్చే మెసేజీలు నీ కళ్లకు ఆనవని ఎన్నిసార్లు చెప్పినా నా కూతురికి అర్థం కాదు.

అసలు సంగతి రాస్తాను. మిద్దె మీద నువ్వు బిగించిన సోలార్ డ్రమ్ము ఇంకా బాగుంది. పగలు కాగిన నీళ్లు మరునాటి పొద్దుదాకా వేడిగా నిలుస్తాయి. కానీ బాత్రూం మిద్దెకు సరిగ్గా కిందే ఉంది కదా, నీళ్లకు జోరు లేదు. షవర్ తిప్పితే పడవు, కారతాయి. పంపు పెట్టి తోస్తే ధారగా వస్తాయని విన్నాను. ఆ పంపు నువ్వే వచ్చి పెట్టాలి. నవంబరు నెలాఖరులోపు కావాలి. ఎందుకని అడగకు. యాభై ఏళ్ల మనిషికి షవర్ ఏమిటని నవ్వకు.

మూడు రోజుల నుంచి ఈ ఉత్తరం మొదలుపెట్టడం, చించడం. పొద్దున మిద్దె ఎక్కుతాను, డ్రమ్మును చూస్తాను, దిగుతాను. మళ్లీ ఎక్కుతాను. నిన్న మీ బావ డిపో నుంచి వచ్చి చూసి, "ఆ డ్రమ్ము ఎటన్న పోతదా? గన్నిసార్లు ఏం చూస్తున్నవ్?" అన్నాడు.

అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు. కళ్లజోడు మార్చాలి.

జవాబు తొందరగా రాయి అన్నా. తొందరగా.

నీ చెల్లెలు
రాహేలు


జహీరాబాద్,
అక్టోబరు 16

చెల్లె రాహేలుకు డానియేలు దీవెనలు.

ఉత్తరం చేరింది. నేను బాగున్నాను. నేను చూసుకునే ఈ హాస్టలు బోరు మోటారు, నేను, ఇద్దరం ఒకే వయసు వాళ్లలా ఉన్నాం. పొద్దున ఇద్దరినీ తట్టి లేపాలి.

నవ్వకు అన్నావు గనక నవ్వలేదు. కొంచెం నవ్వాను. చిన్నప్పుడు వానలో తడవమంటే జడ పాడవుతుందని ఏడ్చిన దానివి, ఇప్పుడు ఇంట్లోనే వాన కావాలంటున్నావు.

నేను రాను. ఆ మాట ముందే రాస్తున్నాను, ఎదురుచూడకు.

ముప్పై ఏళ్లు నీళ్ల పంపుల మధ్య ఉండి చెవులు పోగొట్టుకున్నాను. అందుకు బాధ లేదు. కానీ అదే మిద్దె మీద, ఎనిమిదేళ్ల కిందట, నేను వేడినీళ్ల వాల్వు విప్పిన సంగతి నువ్వు మరిచినా నేను మరవను. కింద బాత్రూంలో ప్రీతి ఉంది. పిల్ల అరిచింది. నువ్వు అరిచావు. వాడకట్టంతా అరిచింది. బావ పైకొచ్చి నా చెయ్యి పట్టుకునేదాకా నేను స్పానర్ తిప్పుతూనే ఉన్నాను. ఆ పొద్దునే బావ చెప్పాడు, చేతికి తాడు కట్టుకో, కొస కింద వేస్తాం, అవసరమైతే లాగుతాం అని. "నేనేమన్న ఎద్దునా బావా, తాడు కట్టుకొనీకి?" అన్నాను. నా మాట నాకు బాగా గుర్తుంది.

ప్లంబరు వహీద్‌ను పిలువు. మంచి పనివాడు. పంపును వీధి నల్లాకు మాత్రం తగిలించనివ్వకు, ట్యాంకు నుంచే లాగాలి. ఆ ఒక్కటి చూసుకో.

ప్రీతికి నా దీవెనలు చెప్పు. చెప్పకపోయినా సరే.

డానియేలు


సైదాబాద్,
అక్టోబరు 25

అన్నకు,

వహీద్ వచ్చాడు, పంపు పెట్టాడు, ఇల్లంతా లొల్లి అయింది.

చల్లనీళ్ల గొట్టానికి మాత్రమే పెట్టాడు. వేడినీళ్లకు ఎందుకు పెట్టలేదు భాయ్ అంటే, "వేడికి లోపల రబ్బరు కరుగుతది అమ్మా, ఫికర్ చేయకు, చల్లటియి జోరుగ వస్తే వేడియి వాటెంబడే ఉరుకుతయి" అన్నాడు. స్విచ్ వేశాడు. షవర్ నుంచి ఎంత జోరు! నా గుండె ఎగిరింది. వేడి వైపు తిప్పాను. చల్లవే. ఇంకా తిప్పాను. చల్లవే.

అంతలో కింద వాకిట్లో నుంచి, కింది వాటా ఖైసర్ బేగం గొంతు. చలికాలం వస్తోందని పాపం ఇంట్లో దూది రజాయిలన్నీ తీసి ఎండేసింది. "రాహేలమ్మా! ఆస్మాన్ సాఫ్ ఉంది, వాన మా ఇంట్లనే పడుతున్నది, ఏంది కథ?"

పరుగెత్తి మిద్దె ఎక్కితే, డ్రమ్ము మీద గాలి పోయే సన్న గొట్టం ఉంది కదా, దాంట్లోంచి నీళ్లు పొంగి పిట్టగోడ మీదుగా ఆమె వాకిట్లో పడుతున్నాయి. వహీద్ పంపు ఆపి, "పంపు ఏక్ నంబర్ ఉంది. మీ డ్రమ్మే ఖరాబ్" అన్నాడు. నువ్వు బిగించిన డ్రమ్మును అంత మాట అన్నాడు.

నేను కిందికి వెళ్లి క్షమాపణ అడిగాను. బేగం తడిసిన రజాయి నా ముందు పరిచింది. "నా పెండ్లి రజాయి గిది. ముప్పై ఆరేండ్లల ఒక్కసారి నీళ్ల మొకం చూడలె. ఇయ్యాల నీ షవర్ కింద స్నానం చేసింది. నువ్వు చేసినవో లేదో గని, ఇది చేసింది." తిడుతుందనుకుంటే నవ్వింది. నాకే నవ్వు రాలేదు. అక్కడే కూర్చొని ఏడ్చాను. ఆమె భయపడి, "రజాయికి ఎవరన్న ఏడుస్తరా, ఛాయ్ తాగు" అని కప్పు చేతికిచ్చింది.

నవంబరు నెలాఖరుకు ముప్పై ఆరు రోజులే ఉన్నాయి. రాత్రి పడుకుంటే లెక్క, లేస్తే లెక్క. రాలేవా అన్నా?

రాహేలు


జహీరాబాద్,
అక్టోబరు 31

చెల్లె,

ఖైసర్ బేగంకు నా సలాం చెప్పు. రజాయి మాట చదివి గట్టిగా నవ్వితే హాస్టలు పిల్లలు కిటికీలోంచి తొంగిచూశారు. గట్టిగా నవ్వానని వాళ్ల మొహాలు చూసే తెలిసింది.

డ్రమ్ము ఖరాబ్ కాలేదు. షవర్ మీటలో వేడి, చల్ల రెండు దారులూ కలుస్తాయి. వహీద్ ఒక్క చల్లదాన్నే పంపుతో తోశాడు. తోసిన నీళ్లు షవర్‌లో పట్టనన్ని అయినప్పుడు, ఎదురుగా నెమ్మదిగా దిగుతున్న వేడినీళ్లను వెనక్కి నెట్టి, ఆ గొట్టంలోంచే పైకెక్కి డ్రమ్ములో పడ్డాయి. అది నిండి పొంగింది. బలమైనవాడు ఒకవైపు, బక్కవాడు ఒకవైపు నిలబడి తలుపు తోసినట్టు. ఇద్దరికీ ఒకే బలం ఉండాలి. ఒకే మోటారుకు రెండు నోళ్లున్న పంపులు దొరుకుతాయి, వేడినీళ్లకు తట్టుకునేవి. అది కావాలి.

కొనేముందు ఒక పరీక్ష చేయి. బాత్రూం తలుపు పైన వేడినీళ్ల గొట్టానికి వాల్వు ఉంది. దాన్ని పూర్తిగా మూసి, పంపు వేసి, షవర్ విప్పి, పైకెళ్లి చూడు. డ్రమ్ము పొంగకపోతే నేను చెప్పిందే నిజం. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాయి. నేను చూడలేను, వినలేను, నీ ఉత్తరమే నా చెయ్యి అనుకో.

ఏడ్చావని రాశావు. రజాయికి ఏడ్చే మనిషివి కావు. ఏమైంది?

డానియేలు


సైదాబాద్,
నవంబరు 5

అన్నకు,

పరీక్ష చేశాను. వాల్వు మూశాను. పంపు వేశాను. అయినా డ్రమ్ము పొంగింది. నువ్వు చెప్పింది కాదేమో. ఇంక పరీక్షలు వద్దు. నువ్వు వచ్చి చూస్తేనే తేలుతుంది.

నాకేమీ కాలేదు. అందరం బాగున్నాం. క్లుప్తంగా రాస్తున్నానని అనుకోకు, పొయ్యి మీద అన్నం ఉంది.

రాహేలు


జహీరాబాద్,
నవంబరు 10

రాహేలూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఆ వాల్వు మూస్తే చుక్క నీరు పైకెక్కదు. వేరే దారి లేదు, ఆ గొట్టం నేను వేశాను. డ్రమ్ము పొంగిందంటే నువ్వు వాల్వు మూయలేదు. మూయలేదని రాస్తే సరిపోయేది. మూశానని రాశావు.

సండే స్కూల్లో ఒక పుచ్చకాయ ముక్క ఎక్కువ తిన్నావని, నిన్నెవరూ అడగకపోయినా నీ అంతట నువ్వే టీచరమ్మ దగ్గరికెళ్లి చెప్పిన దానివి. నాకు అబద్ధం రాశావు. ఎందుకని రెండు రోజులు ఆలోచించాను.

ఆ వాల్వు ఎక్కడ పెట్టాలో కొలత తీసింది నీతోనే. గోడకు ఆనుకొని నిలబడి కుడిచెయ్యి పైకెత్తమన్నాను. నీ గాజులు మోచేతిదాకా జారాయి. నీ వేలికొసలు ఎక్కడికి వచ్చాయో అక్కడ పెన్సిలుతో గీత గీసి, దాని మీద వాల్వు పెట్టాను. ఎప్పుడు అవసరమైనా నీకు అందాలని. నీ చెయ్యికి అందనిది కాదది.

నీ పాత ఉత్తరాలు తీసి ముందు పెట్టుకున్నాను. ఆర్నెల్ల కిందటి దాకా అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. అక్టోబరు నుంచి అన్నీ ఎడమకు వాలుతున్నాయి, సిరా అరచేతి కింద అలికినట్టుంది. కళ్లజోడు లేకపోతే అక్షరాలు పెద్దవవుతాయి. వాలవు.

నీ కుడిచెయ్యికి ఏమైంది?

డానియేలు


సైదాబాద్,
నవంబరు 14

అన్నా,

అబద్ధం రాసినందుకు క్షమించు. దేవుణ్ణి అడిగాను, ఇప్పుడు నిన్ను అడుగుతున్నాను. ఆ రోజు ఇంట్లో ఎవరూ లేరు. ప్రీతి వచ్చేదాకా ఆగలేకపోయాను. స్టూలు వేసుకొని ఎక్కాను. చెయ్యి భుజం దగ్గరే ఆగిపోయింది. రెండో చేత్తో ప్రయత్నిస్తే స్టూలు ఊగింది, భయమేసి దిగాను. మూయలేకపోయానని రాస్తే ఎందుకని అడుగుతావు. అందుకని మూశానని రాశాను.

జూన్‌లో నాకు ఆపరేషన్ అయింది. కుడి రొమ్ము తీసేశారు. చంకలో గడ్డలు కూడా తీశారు. రేడియేషన్ అంటారే, ఆ కరెంటు వైద్యం సెప్టెంబరులో అయిపోయింది. ఇప్పుడు జబ్బు లేదన్నారు. చెయ్యి మాత్రం వాచింది, పైకి లేవదు, వేళ్లు సరిగ్గా మడతపడవు. అందుకే ఎడమచేత్తో రాస్తున్నాను.

నీకు చెబితే వస్తావని తెలుసు. భయపడి వస్తావు, జాలిపడి వస్తావు. నాకు పంపు పెట్టే అన్న కావాలి, మంచం పక్కన కూర్చొని కళ్లు తుడుచుకునే అన్న వద్దు. అలాంటి మనిషి ఇంట్లో ఒకరున్నారు. ఒకరోజు మీ బావ నీళ్లు తానే పోస్తానని వచ్చి, మగ్గు పట్టుకొని ఏడుస్తూ నిలబడ్డాడు. బకెట్లో నీళ్లు చల్లారిపోయాయి.

ఎడమచేత్తో మగ్గు పట్టుకుంటే రుద్దుకోవడానికి చెయ్యి లేదు. తల అసలే రుద్దుకోలేను. ప్రీతి పోస్తుంది. నేను గోడవైపు తిరిగి కూర్చుంటాను. పిల్ల చూసి చూడనట్టు పోస్తుంది. అయిదు నెలలుగా బాత్రూం గడియ పెట్టలేదు, అది తుప్పు పట్టింది. దేవుని దగ్గర నాకు దాపరికం లేదు. మనుషుల దగ్గర ఉంది, ఏం చేయను? వేడినీళ్లు భుజం మీద ధారగా పడుతుంటే చెయ్యి కదిలించమని ఆస్పత్రిలో చెప్పారు. షవర్ ఉంటే రెండుచేతులూ ఖాళీగా ఉంటాయి. అదీ కారణం.

ఇంకొకటి ఉంది. ప్రీతికి వరంగల్‌లో ల్యాబులో ఉద్యోగం వచ్చింది. డిసెంబరు ఒకటిన చేరాలి. మొన్న వంటింట్లో నుంచి విన్నాను, ఫోనులో వాళ్లతో "ఇంట్ల పని ఉంది సార్, నేను రానేమో" అంటోంది. పిల్ల చెప్పిన ఆ పని నేనే. నాకు నీళ్లు పోయడానికి పిల్ల తన ఉద్యోగం వదులుకుంటే, ఆ నీళ్లు నా ఒంటిమీద పడవు అన్నా, నిప్పులే పడతాయి.

రా. ఇక ఏమీ దాచలేదు.

రాహేలు

(ఇదే కవరులో ఇంకో చీటీ)

మామా,

అమ్మ కవర్ అంటించమని ఇచ్చి పక్కకు పోయింది. చదివిన. తప్పే, చదివిన.

నువ్వు నా గురించే వస్తలేవని నాకు తెలుసు. ఎనిమిదేండ్లల నువ్వు నాకు ఒక్క మాట రాయలే. నాకు కోపం నీళ్లకు కాదు, దానికి. మచ్చ మోచేతి మీద ఉంది, పొట్టి చేతుల డ్రెస్సులు వేస్కుంటున్న, నాకేం ఫికర్ లేదు.

పన్నెండు గజాల నైలాన్ తాడు కొన్న. ఈసారి కట్టుకోకపోతే నేనే కడత. ముందు షవర్ కింద నిలబడేది నేనే, అమ్మ కాదు. తాడు నా చేతిల ఉంటది. మస్తు గుంజుత.

ప్రీతి


జహీరాబాద్,
నవంబరు 18

రాహేలూ,

శనివారం పొద్దున ఇమ్లీబన్ బస్టాండులో దిగుతాను. కళ్లు తుడుచుకునేది ఇక్కడే అయిపోయింది, అక్కడ పని మాత్రమే.

రెండు నోళ్ల పంపు సదాశివపేటలో చూసి పెట్టాను, తెస్తున్నాను. వేడినీళ్లను డ్రమ్ము పక్క నుంచి, గాలిగొట్టానికి బాగా కింద నుంచి వేరే దారిలో తీస్తాను, లేకపోతే పంపు నీళ్లతో పాటు గాలి మింగుతుంది. వెనక్కి పోకుండా రెండు దారుల్లోనూ అడ్డు పెడతాను. శుక్రవారం ట్యాంకు నిండా పట్టి ఉంచండి. వహీద్‌ను రమ్మను. గాలి మింగితే పంపు ఈల వేస్తుంది, అది నాకు వినపడదు. నాకు చేతులున్నాయి, అతనికి చెవులున్నాయి.

తాడు కొస బాత్రూం వెంటిలేటర్‌లోంచి లోపలికి వేయాలి. నీ నడుము ఎత్తున వేలాడాలి, అంతకంటే పైకి వద్దు. నాకు గుర్తు ఇదీ: రెండుసార్లు లాగితే నీళ్లు విడువు. ఒకసారి లాగితే ఆపు.

ప్రీతికి విడిగా రాయడానికి కూర్చున్నాను. మూడు కాగితాలు అయ్యాయి, ఒక్కటీ బాగాలేదు. వచ్చి చెబుతాను.

డానియేలు


జహీరాబాద్,
నవంబరు 25

రాహేలూ,

శనివారం మీ ఇంట్లో, బస్సు టైం అయిందని పోట్లాడలేదు. ఇప్పుడు పోట్లాడుతున్నాను.

ప్రీతి సంగతి ముందు. రెండుసార్లు లాగింది, విడిచాను. ఒకసారి లాగింది, ఆపాను. మళ్లీ రెండు, మళ్లీ ఒకటి. ఆరుసార్లు. ఆరోసారి వంగి, "ఏయ్ పిల్లా, నేనేమన్న చర్చి గంటనా?" అన్నాను. అది వెంటిలేటర్‌లోంచి చెయ్యి బయటపెట్టి ఊపింది. మచ్చ ఆ చేతి మీదే ఉంది. ఎనిమిదేళ్లుగా ఆ మచ్చ నా తలలో పెరుగుతూ వచ్చింది. పిల్ల చేతి మీద అంత పెద్దగా లేదు.

తర్వాత నువ్వు వెళ్లావు. రెండుసార్లు లాగావు. వాల్వు విడిచి పంపు మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాను. సాఫీగా తిరిగింది. వహీద్ చెవిపెట్టి, ఈల లేదని చెయ్యి తిప్పి చూపాడు. పావుగంట అయింది. పోనీ అనుకున్నాను, అయిదు నెలల స్నానం ఒకేసారి చేస్తోంది. తర్వాత అరచేతి కింద పంపు ఆగింది. షవర్ కట్టేస్తే దానంతటదే ఆగే పంపు అది, అంటే నువ్వు కట్టేశావు. తాడు లాగాలి. లాగలేదు.

కళ్లు తిరిగి పడ్డావా అనుకున్నాను. లోపల గడియ వేసుకొని ఉంటావు. వహీద్ దిగి చూసొస్తానని సైగ చేశాడు. వద్దన్నాను, నువ్వు నిమ్మళంగా ఉండాలనే కదా ఇంత చేసింది. అన్నాను గానీ నా ప్రాణం ఆ తాడు కొసనే ఉంది. ఎండలో ఇరవై నిమిషాలు. చెవులున్నవాళ్లకు అది అర్థం కాదు. ఎనిమిదేళ్ల కిందట ఆ రోజు కింద మీరంతా ఎలా నిలబడ్డారో నాకు మొన్న తెలిసింది. మీరు నన్ను పిలిచారు, నేను పలకలేదు.

ఎందుకు లాగలేదు? నిజం రాయి.

డానియేలు


సైదాబాద్,
డిసెంబరు 3

అన్నకు,

నిజమే రాస్తున్నాను.

గడియకు ప్రీతి కొబ్బరినూనె రాసి పెట్టింది. లోపలికి వెళ్లి నేనే వేసుకున్నాను. ఆ చప్పుడు విని కాసేపు ఊరికే నిలబడ్డాను. తర్వాత తాడు లాగాను. నీళ్లు తలమీద పడ్డాయి, భుజం మీద పడ్డాయి. గోడవైపు తిరగలేదు. చూసుకోవాల్సింది చూసుకున్నాను. అయిదు నెలల్లో మొదటిసారి పూర్తిగా చూసుకున్నాను. రెండుచేతులతో రుద్దుకున్నాను, కుడిచెయ్యి చెవిదాకా వచ్చింది, తలదాకా రాలేదు. వస్తుంది.

షవర్ కట్టేసి, తుడుచుకొని, చీర కట్టుకొని గదిలోకి వచ్చి, తడి జుట్టుతోనే మోకాళ్ల మీద కూర్చున్నాను. ప్రార్థనలో అందరి పేర్లూ చెప్పాను. ఆయన పేరు, ప్రీతి పేరు, ఖైసర్ బేగం పేరు, ఆమె రజాయి కూడా చెప్పాను. నీ పేరు చాలాసేపు చెప్పాను. నువ్వు మిద్దె మీద ఎండలో తాడు పట్టుకొని ఉన్నావన్న సంగతి మాత్రం మరిచిపోయాను.

పైనుంచి "రాహేలూ!" అని నీ కేక వినపడింది. "వస్తున్నా అన్నా" అన్నాను. రెండోసారి కేక వినపడ్డాకే గుర్తొచ్చింది, నేను పలికితే నీకు అందదని. పరుగున బాత్రూంలోకి పోయి లాగాను. నువ్వు మెట్లు దిగి వచ్చినప్పుడు నీ మొహం చూసి నిజం చెప్పడానికి భయమేసింది.

ప్రీతి నవంబరు ముప్పైన పొద్దున వరంగల్ వెళ్లింది. బస్సెక్కే దాకా "అమ్మా, ట్యాంకు నిండ ఉందా చూసుకో, అమ్మా, గడియ మెల్లగ వెయ్" అంటూనే ఉంది. నాకు ఇంకా నిలకడ లేదు. పొద్దున లేచి మిద్దె ఎక్కుతున్నాను, పంపు చూస్తున్నాను, దిగుతున్నాను. కానీ దిగి స్నానానికి పోతున్నాను, ఒక్కదాన్నే.

వహీద్ తాడు విప్పేస్తానన్నాడు. వద్దన్నాను. పైకొసను ట్యాంకు కాలికి కట్టించాను. రోజూ స్నానం అయ్యాక ఒకసారి లాగుతున్నాను. క్రిస్మస్ ముందు ట్యాంకు కడగడానికి నువ్వు వస్తావు కదా, అప్పటికి అలవాటు కావాలి.

నీ చెల్లెలు
రాహేలు